గురువారం నాలుగు నుంచి తొమ్మిది దాకా

శామీర్‌పేట,
జులై 18, శుక్రవారం.

చిరంజీవి భాస్కర్‌కు పెద్దక్క ఆశీస్సులు.

నిన్న పొద్దున నువ్వు వచ్చినప్పుడు నేను మౌనంలో ఉన్నాను. అడగాల్సింది అడగలేకపోయాను. ఫోన్ చేద్దామంటే, అది మోగితే చాలు నీ భుజాలు బిగుసుకుపోతాయి. అందుకే కాగితం.

నిన్నటి పొద్దు పూసగుచ్చినట్టు గుర్తుంది. నాలుగింటికి లేచాను. రాత్రి పడ్డ వానకు వాకిలి ఇంకా తడిగానే ఉంది, ముగ్గు వేసినా నిలవదని చుక్కలతో సరిపెట్టాను. దత్తస్వామి పటం తుడిచి, దీపం పెట్టి కూర్చున్నాను. గురుపౌర్ణమి నాడు పట్టిన మౌనం ఇది, ప్రతి గురువారం నాలుగు నుంచి తొమ్మిది దాకా. ఆ వేళకు చుట్టాలెవరూ ఫోన్ చేయకుండా భవిత దాన్ని మన ఇంటి క్యాలెండర్‌లో పెట్టింది. అది నీ ఫోన్‌లోనూ కనిపిస్తుంది కదా.

పావు తక్కువ ఆరుకు నీ బండి చప్పుడు విన్నాను. సంచిలో రెండు ఆనపకాయలు తెచ్చావు. ప్యాకింగ్ హాలు బాలనర్సమ్మ ఇచ్చిందని, ఆమె ఇంటి రేకుల మీద పాదు మస్తు కాసిందని చెప్పావు. భవిత నీకు సర్వపిండి పెట్టింది.

"మామా, ఇయ్యాల ఫోన్ సప్పుడు లేదేంది?" అంది.

"నీ పుణ్యమే బిడ్డా. మనిషి లెక్క నిద్రపోవట్టి మూడు వారాలైతాంది."

"నువ్వు నిద్రపోతే ఊరికి లాభమేంది మామా? నీ గురకకు చెరువుల పిట్టలు లేస్తయి."

నువ్వు నవ్వుకుంటూ కిటికీ కింద చాప మీద ఒరిగావు. రెండు నిమిషాల్లో నిద్రపోయావు. ఫోన్ నీ తల దగ్గరే ఉంది.

ఆరూ ఇరవైకి నా ఫోన్ ఒకసారి వణికింది. తీసి చూస్తే క్యాలెండర్‌లో నా మౌనం పక్కనే ఎర్ర పట్టీ ఒకటి వచ్చి ఉంది. ఇంగ్లీషులో ఇంజన్ రూం, గ్యాస్, ఇరవై ఎనిమిది అని రాసి ఉంది. ఆరూ ముప్పై ఐదుకు ఇంకొకటి వచ్చింది. ముప్పై ఒకటి. నీ ఫోన్ వైపు చూశాను. అది మోగలేదు. నిన్ను లేపుదామని చెయ్యి చాచాను. లేపొద్దని భవిత సైగ చేసింది. వెనక్కి తీసుకున్నాను.

ఏడున్నరకు లేచి, "అక్కా, జర పాణం తేలికైంది" అని వెళ్లిపోయావు.

ఆ అంకెలు ఏమిటి? అవి నాకు వస్తున్నాయి, నీకెందుకు రావడం లేదు?

భవిత ఆఫీసుకు మేడ్చల్ మీదుగానే పోతుంది. జవాబు ఆమె చేతికివ్వు.

మీ పెద్దక్క,
మనోరమ.


మేడ్చల్,
జులై 23.

పెద్దక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం భవిత టిఫిన్ డబ్బాల పెట్టి ఇచ్చింది. పద్మలత చూసి, "గీ జమానాల గూడ మీ అక్కాతమ్ముండ్లకు ఉత్తరాలా?" అని ఒకటే నవ్వుడు. నవ్వని. నాకైతే మంచిగనిపించింది. కాగితం మోగదు.

నువ్వడిగింది చెప్త. మా కంపెనీల బఠాణీలు, మక్కగింజలు గడ్డకట్టించి దాస్తం, నీకెరుకే. ఆ చల్లదనానికి వాడేది అమ్మోనియా. ప్రతిదానికీ అలారం ఉంటది. చల్ల గది తలుపు రెండు నిమిషాలు తెరిచి పెడితే అలారం, కరెంటు ఊగితే అలారం. అన్నీ ఒక్కపారే నలుగురి ఫోన్లకు వస్తుండె. నలుగురికి వస్తే ఒక్కడు గూడ లేవడక్కా, పక్కోడు లేస్తడని పంటరు. నేనే లేచేటోన్ని. బీపీ గోలీలు గందుకే మొదలైనయి.

భవిత ఆ అలారం సాఫ్ట్‌వేర్‌ను క్యాలెండర్‌కు కలిపింది. కోడ్ గీడ్ ఏం రాయలే. తెర మీద డబ్బాలుంటయి, ఒకదాని నుంచి ఇంకోదానికి గీత గీసుడే. అలారం వచ్చిందా, క్యాలెండర్ చూడు. ఎవరి డ్యూటీ ఉంటే ఆ ఒక్కనికే ఫోన్ చెయ్యి. ఆయనకు వేరే పనుంటే తర్వాతోనికి చెయ్యి. జరిగింది క్యాలెండర్‌ల రాసిపెట్టు. అంతే. సాయంత్రం చాయ్ తాగేలోపు చేసి పెట్టింది పిల్ల. కంపెనీ క్యాలెండర్‌కు పర్మిషన్ ఇంకా రాలే, అందుకే ఇప్పటికైతే మన ఇంటి క్యాలెండర్ల నడుస్తాంది. మా మేనేజర్ కృష్ణారావు సార్ గూడ "నడవని తియ్యి" అన్నడు.

ఇగ ఆ అంకెలు. గురువారం తెల్లారంగ కంప్రెసర్ల పాత నూనె తీస్తం. అప్పుడు జర వాసన లేస్తది. ఇరవై ఐదు దాటితే మిషన్ భయపడుతది. మనుషులు భయపడే లెక్క కాదది. నాకు రాలేదంటే ఆ టైంకు వేరే ఎవరికో పోయి ఉంటది.

నువ్వు పరేషాన్ గాకు. నీ జపం నువ్వు చేసుకో.

నీ తమ్ముడు,
భాస్కర్.


శామీర్‌పేట,
ఆగస్టు 8.

చిరంజీవి భాస్కర్‌కు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను.

ఆ తర్వాత మూడు గురువారాలు గడిచాయి. పోయిన నెల ఇరవై నాలుగున ముప్పై మూడు. ముప్పై ఒకటిన ముప్పై ఎనిమిది. నిన్న నలభై నాలుగు. నిన్న పట్టీలు ఐదు వచ్చాయి. చివరిది ఏడూ పదికి.

ఒక పట్టీ మీద వేలు పెడితే కింద పేరు కనిపిస్తుందని ఈ మధ్యే తెలిసింది. మిగతా రోజుల్లో వచ్చే వాటి కింద నీ పేరుంది. గురువారం పొద్దున వచ్చే వాటి కింద సత్తయ్య అని ఉంది.

సత్తయ్య అంటే మన సత్తయ్యేనా? ఉగాదికి రిటైరై, శాలువా కప్పించుకుని, సిద్దిపేటలో బిడ్డ దగ్గరికి పోయిన మనిషి. ఆయన వాడింది కంపెనీ నంబరు, పోతూ సిమ్ తిరిగి ఇచ్చేశాడని నువ్వే చెప్పావు.

ఆ సిమ్ ఇప్పుడు ఎక్కడుంది భాస్కర్? గురువారం పొద్దున ఆ ఫోన్ ఎవరు ఎత్తుతున్నారు?

భవితను అడగనా?

మీ పెద్దక్క.


మేడ్చల్,
ఆగస్టు 12.

పెద్దక్కకు.

భవితకు చెప్పకు. నేను చెప్త. పిల్లకు వచ్చే నెల పెద్ద కంపెనీల ఇంటర్వ్యూ ఉన్నదన్నవు, గిప్పుడు ఇది తప్పు, అది తప్పు అంటే దాని మనసు చెదురుతది. నేనే మెల్లగ చెప్పి సరిచేయిస్త.

సత్తయ్య సిమ్ స్టోర్ రూం డ్రాయర్ల ఉన్నది. నేను చూసిన. దాని సంగతి నేను చూసుకుంట.

ఇంకొకటి. గీ ముచ్చట ఫోన్ల ఎవరితోని మాట్లాడకు. ఈ నెల కంపెనీకి బయటి నుంచి తనిఖీ ఉన్నది. కృష్ణారావు సార్ పోయిన మీటింగుల, నెలన్నర సంది ఒక్క అలారం గూడ మోగలేదని గొప్పగ చెప్పుకున్నడు. చప్పట్లు గొట్టిండ్రు. నన్ను లేపి నిలబెట్టి మరీ గొట్టిండ్రు.

బాలనర్సమ్మ నిన్ను అడిగిందని చెప్పుమన్నది. జర దగ్గుతాంది. వానకాలం గదా.

నువ్వు క్యాలెండర్ చూసుడు బంద్ చెయ్యక్కా. పెద్దదానివి, కండ్లు పోతయి.

భాస్కర్.


శామీర్‌పేట,
ఆగస్టు 23.

భాస్కర్‌కు.

ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను. భవిత చేతికి ఇవ్వలేదు. ఎందుకో నీకు తెలుసు.

పద్నాలుగున యాభై రెండు. మొన్న డెబ్బై. పేరు సత్తయ్యదే.

నువ్వు భవితకు చెప్పలేదు. ఆమె మొఖం చూస్తే తెలుస్తుంది. నేను కూడా చెప్పలేదు, నీకు మాటిచ్చినట్టయిందని. ఈ ఇంట్లో ఇప్పుడు మౌనం ఒక్క గురువారానికే కాదు.

పద్మలత చెల్లెలి బిడ్డ పెళ్లిలో నువ్వు గాజులు వేయించే పందిరి కింద కూర్చుని నిద్రపోయావు గుర్తుందా? అందరూ ఎగతాళి చేశారు. నాకు మాత్రం భయమేసింది. అంత అలిసిన మనిషికి ఎవరైనా నిశ్శబ్దాన్ని చేతిలో పెడితే, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడు. నిన్ను నిందించడానికి రాయడం లేదు. ఒక్క మాట వింటావని రాస్తున్నాను.

బుధవారం వినాయక చవితి. పండగ అలసటలో మనుషులు తక్కువ వస్తారు, వచ్చినవాళ్లు తొందరపడతారు. మర్నాడు గురువారం. ఆ పొద్దు నూనె తీసేటప్పుడు నువ్వు వెళ్లి పక్కన నిలబడు. వేరే ఏమీ చేయకపోయినా సరే. నిలబడు.

నీ కోసం దత్తస్వామికి చెప్పుకుంటూనే ఉన్నాను. ఆయన వినడం వేరు, నువ్వు వినడం వేరు.

మీ పెద్దక్క.


మేడ్చల్, కంపెనీ గెస్ట్‌హౌస్,
ఆగస్టు 30.

అక్కా,

పద్మ అన్నం డబ్బా తెచ్చింది. దాని చేతికే ఈ కాగితం ఇస్తున్న. నా ఫోన్ కృష్ణారావు సార్ తీసుకున్నడు. కాయితాలు తయారయ్యేదాకా ఇక్కడనే ఉండుమన్నరు.

పేపర్ల వచ్చింది సగమే. జరిగింది నీకు చెప్త.

నేను పోలేదక్కా. నువ్వు నిలబడుమన్నవు. చవితి నాడు గణపతిని కూసోబెట్టి వచ్చి పడుకున్న. ఐదింటికి మెలకువొచ్చింది. ఫోన్ చూసిన. సప్పుడు లేదు. సప్పుడు లేదంటే బాగున్నట్టే అని మళ్ల కండ్లు మూసిన. కంపెనీకి మా ఇంటికి పది నిమిషాల దూరం.

నూనె తీసే ఆపరేటర్ వాల్వు తెరిచి చాయ్‌కు పోయిండు. వాల్వు మళ్ల మూతపడలే. ప్యాకింగోళ్లు ఆరింటికి వచ్చిండ్రు. ఇంజన్ రూం పక్క దారిల బాలనర్సమ్మ, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు నడుస్తున్నరు. వాసన గొట్టంగనే ఆమె ఆ ఇద్దరిని బయటికి నూకింది. హాలుల ముప్పై మంది ఉన్నరు, గాలి అటు పోతదని ఇంజన్ రూం తలుపు మూసెటందుకు ఆమె లోపలి దిక్కే పోయింది. మూసింది గూడ. తర్వాత పడిపోయింది.

దవాఖానల ఉన్నది. పాణం ఉన్నది. గొంతు కాలింది, మాట వస్తలేదు. మళ్ల వస్తదో రాదో డాక్టర్లు చెప్తలేరు.

నీకు చెప్పనిది ఇంకొకటి ఉన్నది. ఇంజన్ రూం మీద సైరన్ ఉంటుండె. గ్యాస్ లేస్తే ఊరంత వినవడేది. వాసన జర లేచినా మోగుడే, పక్క కాలనీవాళ్లు వచ్చి లొల్లి పెట్టేది. ఫోన్‌కు వస్తాంది గదా, ఇగ ఇదెందుకని జూన్ల దాని వైరు నేనే తీసిన. భవిత పని మీద నమ్మకంతోని తీసిన. పిల్లకు గూడ చెప్పలే. సత్తయ్య పేరు నువ్వు రాసిన నాడే నాకు భయమైంది. భవితకు చెప్తే సైరన్ సంగతి బయటికొస్తది. రేపు పెడత, ఎల్లుండి పెడత అనుకున్న.

ఇప్పుడు సార్ ఏమంటున్నడంటే, బాలనర్సమ్మ పోగూడని చోటికి పోయి తలుపు తెరిచిందని రాద్దామంటున్నడు. అది మూసిన తలుపక్కా. తెరిచినట్టు రాస్తరట. అలారం సాఫ్ట్‌వేర్ల ఉన్న లెక్క తీసేయించిండు. ఇగ మిగిలింది మన ఇంటి క్యాలెండర్ల ఉన్న ఎర్ర పట్టీలే. నా ఫోన్ల చూసుడే, తుడుపరాదు. నీ ఫోన్లనో భవిత ఫోన్లనో తుడిపితే అందరి ఫోన్లల పోతయి.

తుడిపెయ్యక్కా. జులై పది నుంచి మొన్నటిదాకా. అవి ఉంటే నేను జైలుకు పోత. భవిత పేరు గూడ వస్తది. పిల్ల బతుకు ఇప్పుడే మొదలైతాంది.

నిన్ను నేను ఎన్నడు ఏమడగలే. ఇదొక్కటి.

భాస్కర్.


శామీర్‌పేట,
ఆగస్టు 31, ఆదివారం.

భాస్కర్‌కు.

ఇది పద్మలత రేపు నీ అన్నం డబ్బాతో తెస్తుంది. నిలబడి కాదు, కూర్చుని చదువు.

ఈ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. నేను, భవిత, పద్మలత. నీ ఉత్తరం నేనే పైకి చదివాను. ఒక్క ముక్క దాచలేదు.

భవిత లేచి వెళ్లింది. లాప్‌టాప్ తెచ్చి ఆ డబ్బాలు, గీతలు నాకు చూపించింది. గురువారమే ఎందుకు అలా జరిగిందో అప్పుడు తెలిసింది. క్యాలెండర్‌లో నా మౌనం ఉంది. దాన్ని ఇంట్లో అందరి పేర్లమీదా పెట్టింది, నీ పేరు మీద కూడా. నాలుగు నుంచి తొమ్మిది దాకా నీకు వేరే పని ఉందని ఆ యంత్రం అనుకుంది. నిన్ను వదిలేసి తర్వాతి పేరుకు పోయింది. ఆ పేరు సత్తయ్యది. తీసేయాలని ఎవరికీ తోచలేదు. డ్రాయర్‌లో ఉన్న సిమ్‌కు ఏడు గురువారాలు ఫోన్ చేసింది. ఎనిమిదో గురువారం అరగంటలో ఇరవై ఆరు సార్లు.

"ఒక్క డబ్బ ఎక్కువ పెట్టాల్సింది అమ్మా," అంది భవిత. "ఎవరూ ఎత్తకపోతే మళ్ల మామకే చెయ్యి అని. ఒక్కటే డబ్బ. అయిదు నిమిషాల పని."

తప్పు ఆమెది ఎంతో, నాది అంత. జులైలో నీ భుజం దాకా వచ్చిన చేతిని వెనక్కి తీసుకున్నాను. ఆగస్టులో నువ్వు చెప్పొద్దంటే చెప్పలేదు. ఆ రోజు నేను భవిత గదిలోకి పది అడుగులు వేసి ఉంటే, ఆమె అయిదు నిమిషాల్లో సరిచేసేది. భక్తి అనుకున్నదాంట్లో పిరికితనం ఎంత ఉందో దేవుడికే తెలియాలి. నాకు కొంత తెలిసింది.

పద్మలత నా కాళ్లు పట్టుకుంది.

"వదినా, తుడిపెయ్యి. నీకు దండం పెడత. ఆయన కావాలని చేసిండా? అలిసిపోయి పన్నడు. నేను గూడ లేపలే. లేపుదామనుకుని, పోనీ పండుకోనియ్ అనుకున్న."

"అత్తా, తుడిపితే బాలనర్సమ్మ తలుపు తెరిచినట్టయితది," అంది భవిత.

"అయితే అయింది! ఆమెకు కంపెనీ ఏమన్న ఇస్తది. మనకెవరు ఇస్తరు? నీకు ఇంటర్వ్యూ ఉన్నది. నీ పేరు గూడ వస్తది, సోయి ఉన్నదా నీకు?"

"ఉన్నది. నా ఫోన్ల నేనే తుడిపేదాన్ని అత్తా. ఇందాక ఒకపారి వేలు పెట్టిన గూడ. మళ్ల తీసిన."

పద్మను లేపి, నీళ్లిచ్చి, ఒక్కటే అడిగాను. నిన్న దవాఖానకు పోయి వచ్చావు కదా, అక్కడ ఏం జరిగింది అని.

నీళ్లు తాగి చెప్పింది. బాలనర్సమ్మ కండ్లు తెరిచే ఉన్నాయట. పద్మను చూసి, చేత్తో గాలిలో ఏదో చూపించిందట, ఇటు నుంచి అటు నెట్టినట్టు. ఏమంటున్నదో ఎవరికీ అర్థం కాలేదు. బయట ఆమె బిడ్డ పద్మను పట్టుకుని అడిగిందట. "అత్తా, మా అమ్మ తలుపు తెరిచిందంటున్నరు. ముప్పై మందిని చంపుతుండె అంటున్నరు. మా అమ్మ అసుంటిదా? మీ ఆయన అక్కడనే పని చేస్తడు గదా, ఆయనకు తెలుస్తది గదా." పద్మ తల వంచుకుని వచ్చేసింది.

ఇది చెప్పి, ఆమే ఆ సైగ మళ్లీ చేసి చూపించింది, ఇటు నుంచి అటు. చేస్తూ చేస్తూ ఆగిపోయింది. అది తలుపు మూయడమని అప్పుడు అర్థమైంది ఆమెకు. మంచంలో పడి ఉండి, మాట లేక, నేను మూసినానని చెబుతున్నది ఆ మనిషి. ఆ తర్వాత పద్మ తుడిపెయ్యమని అనలేదు.

దీపం వేళ దాటాక మేం అనుకున్నవి ఇవి.

ఎర్ర పట్టీలు ఒక్కటి కూడా తుడవం. భవిత వాటన్నింటికీ తేదీలతో, పేర్లతో కాగితాలు తీయించింది. మూడు ప్రతులు. ఒకటి ఇక్కడ లేదు. ఎక్కడుందో నీకు చెప్పను. నిన్ను ఎవరైనా అడిగితే నీకు తెలియకపోవడమే మంచిది.

భవిత తన పేరు తానే రాసింది, ఏం కలిపిందో, ఎక్కడ తప్పిందో. నేను నాది రాశాను. నీ ఉత్తరాలు కూడా జత చేస్తున్నాం, సైరన్ సంగతి ఉన్నదానితో సహా. అది నాకు సులువైన పని కాదు. నీకు అయిదేళ్లప్పుడు అక్షరాలు దిద్దించింది నేనే.

ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసుకు పోవడం మంగళవారం. కానీ అంతకంటే ముందు బాలనర్సమ్మకు చెప్పాలని పద్మ అంది. ఆఫీసుకు తెలిసి ఆమెకు తెలియకపోతే అదేం న్యాయం అంది. రేపు నీకు అన్నం ఇచ్చి, అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోతుంది. ఆమె చెయ్యి పట్టుకుని, నువ్వు తలుపు మూసినవు, మాకు తెలుసు, అందరికీ చెబుతాం అని పద్మే చెబుతుంది. నేను చెబుతానంటే ఒప్పుకోలేదు.

నువ్వు మాతో రావాలని ముగ్గురికీ ఉంది. నీ నోటితో చెబితే ఒక తీరుగా ఉంటుంది, మా కాగితాలతో తెలిస్తే ఇంకో తీరుగా ఉంటుంది. జైలైతే జైలు. డబ్బా నేను తెస్తాను.

మంగళవారం పదింటికి నీ గెస్ట్‌హౌస్ గేటు దగ్గర ఆటోలో ఉంటాం. పావుగంట చూస్తాం. నువ్వు వస్తే నలుగురం. రాకపోతే ముగ్గురం పోతాం.

పెద్దక్క,
మనోరమ.